ఇద్దరు అతిథులు

తెలివితక్కువతనం నాదే. సాకెట్‌ని సాకుగా చూపలేను.

భిలాయిలో మా నాన్న, ఉక్కు ప్లాంటులో ఆయనతోపాటు పనిచేసి రిటైరైన స్నేహితులు కబుర్లాడుకోవడానికి నేనొక వెబ్‌సైట్ కట్టాను. వచ్చినవారి పేరు కనుక్కునే మిడిల్‌వేర్ అనే కాపలాదారుని దానికి వీధి తలుపు దగ్గర నిలబెట్టాను. మాటలు క్షణంలో చేరవేసే సాకెట్ అనే పెరటి తలుపు దగ్గర మాత్రం మరిచాను. దాంతో ఎవరు రాసినా పేరు బదులు ‘అతిథి’ అని పడింది.

మొదటిరోజే వైశాలి నగర్‌లోని మా ఇంట్లో కూర్చుని నాన్న ఒక అతిథితో గంటసేపు కబుర్లాడారు. "ఎవుడో గానీ, మనసున్నోడ్రా!" అని మురిసిపోయారు. ఈలోగా నేను తప్పు దిద్దేశాను. అతిథి తర్వాతి మాట పేరుతో సహా వచ్చింది: అప్పన్న. క్యారమ్స్‌లో తొండి చేశాడని నాన్న ఆరేళ్లుగా పలకరించని అప్పన్న మావయ్య!

నాన్న మొహం ఎర్రబడింది. "ఇదేటిరా? ఇంతసేపూ ఈడితోనా?"

ఫోన్ విసిరికొడతారేమోనని చెయ్యి అడ్డం పెట్టాను. అంతలో అటు నాన్న పేరు చూసిన మావయ్య నుంచి ఇంకో మాట వచ్చింది. "ఒరే సూరీ, నువ్వేనేటిరా? నీతో మాటాడితే పానం లేచొచ్చిందిరా."

నాన్న ముందు కళ్లద్దాలు తుడుచుకున్నారు, తర్వాత కళ్లు.

ఇప్పుడు ఇద్దరూ రోజూ హాయిగా తిట్టుకుంటున్నారు. "నీ చదువుకన్నా నీ తప్పే మేలు చేసింది, బేటా," అని నాన్న అందరిముందూ నన్ను ఆటపట్టిస్తారు. అందుకే ఆయన కోసం ప్రత్యేకంగా, మాటల్ని దారిలోనే పట్టుకుని దిద్దే ఇంకో మిడిల్‌వేర్ రాశాను. నాన్న "దొంగ వెధవా" అని టైపు కొడితే, మావయ్యకి "దొంగ వెధవ గారూ" అని చేరుతుంది.