ప్లీడరు పిల్ల, శుక్రవారం ఆఖరి పీరియడు

లెక్కల మాస్టారితో గొడవపడి గెలిచిన మనిషిని మా బడిలో నేను ఒక్కరినే చూశాను. హెడ్మాస్టరు కూడా ఆయనతో మాట్లాడే ముందు ఒకసారి గొంతు సవరించుకుంటారు. గెలిచింది మాత్రం పదో తరగతి పిల్ల. హాజరుపట్టీలో ఏదో పేరుంది గానీ బడంతా ఆ పిల్లను ప్లీడరనే పిలుస్తుంది. అప్పటికి స్కూలు లీడరై వారమైంది.

పిల్లలు ఆడుకునే వాలీబాల్‌ను లెక్కల మాస్టారు లాక్కుని తన బీరువాలో పెట్టి తాళం వేసుకున్నారు. దానివల్ల అద్దం పగిలిందీ లేదు, ఎవరి ముక్కూ పగిలిందీ లేదు. బంతి కంటికి కనిపిస్తే లెక్క బుర్రకెక్కదని ఆయన నమ్మకం. నేను గంట కొట్టే ఆయాను. నా గంట ఆ గది గుమ్మం పక్కనే వేలాడుతుంది కాబట్టి వినకూడదనుకున్నా అన్నీ చెవిన పడతాయి. వినకూడదని నేనెప్పుడూ అనుకోలేదు, అది వేరే సంగతి.

"సార్, మా బంతి ఇప్పించండి," అంది ప్లీడరు.

"మీ బంతా? మీ నాన్న కొనిచ్చాడా?"

"లేదండీ, బడి కొన్నది. ఆ బీరువా కూడా బడిదేగా అండీ."

"నోరు బాగా లేస్తోంది. నెల పరీక్షయ్యాక చూద్దాంలే. కూర్చో."

కూర్చుంది. పనైపోయిందనుకుని నేను చీపురందుకున్నాను. అంతలో మళ్ళీ లేచింది.

"సార్, గోళం పాఠం ఇంకోసారి చెప్పరా? బోర్డు మీద గీస్తే పళ్ళెంలా కనిపిస్తోందండీ."

గదంతా కిసకిసలాడింది. పాఠం అర్థం కాలేదంటే ఆ మాస్టారికి ఆ పూట అన్నం సయించదు. గుండ్రటి వస్తువు కోసం బల్లంతా తడిమారు. సుద్దముక్కల డబ్బా, డస్టరు, కళ్ళజోడు పెట్టె, అన్నీ మూలలున్నవే. చివరికి బీరువా తాళం తీశారు. తీరా చూస్తే బంతిలో గాలి లేక సొట్టపడి ఉంది. సొట్టపడిన గోళంతో పాఠమెలా చెబుతారు? పంపు తెమ్మని డ్రిల్లు మాస్టారికి కబురు వెళ్ళింది. లెక్కల మాస్టారు బంతిని మోకాళ్ళ మధ్య బిగించి పట్టుకోగా, డ్రిల్లు మాస్టారు వగరుస్తూ గాలి కొడుతుండగా, హెడ్మాస్టరు గుమ్మంలో ప్రత్యక్షమయ్యారు.

"ఏం మాస్టారూ, మీరూ ఆటల్లోకి దిగారా?"

ఆయన నోరు తెరిచేలోగా ప్లీడరు అందుకుంది. "పాఠం కోసమండీ. పాఠం కాగానే డ్రిల్లు మాస్టారికి ఇచ్చెయ్యడమే కదా సార్?"

కాదంటే ఆటబంతి మీ బీరువాలో ఎందుకుందని హెడ్మాస్టరు అడుగుతారు. "ఆఁ, ఇచ్చెయ్యడమే," అన్నారు లెక్కల మాస్టారు పళ్ళ సందున.

అదీ ఆ పిల్ల పద్ధతి. తప్పు చెయ్యమని ఎవరినీ అడగదు. చెయ్యాల్సిన మంచి పనే అడుగుతుంది. కాకపోతే ఎదుటివాళ్ళకు బొత్తిగా కుదరని వేళ చూసి అడుగుతుంది.

ఆ నోరు ఊరికే అబ్బలేదు. తండ్రి బస్సు కండక్టరు, తెల్లారకముందే డ్యూటీకి వెళ్ళిపోతాడు. ఇంట్లో తల్లికీ నాయనమ్మకూ పొయ్యి దగ్గర మొదలైన మాట మంచం దాకా సాగుతుంది. వాళ్ళిద్దరి మధ్యా కూర్చుని తీర్పులు చెప్పీ చెప్పీ ఆ పిల్ల అలా తయారైంది. తల్లి ముందుగదిలో ఇస్త్రీ బల్ల పెట్టుకుంది. మా టీచర్ల బట్టలన్నీ అక్కడికే వెళతాయి. ఇస్త్రీ అయ్యాక ఇళ్ళకు చేర్చేది ప్లీడరే. తెలుగు మాస్టారి జేబులో ఎప్పుడూ బఠాణీలుంటాయనీ, సైన్సు టీచరు చీరకు ఆసిడ్ చిల్లులుంటాయనీ బడి మొత్తంలో ఆ పిల్లకే తెలుసు.

లీడరు ఎన్నికల్లో తక్కినవాళ్ళు కొత్త కుళాయిలిస్తామన్నారు, నాటకాలు వేయిస్తామన్నారు, ఒకడైతే పరీక్షలే తీయించేస్తానన్నాడు. ప్లీడరు మెట్టెక్కి ఒక్కటే మాట చెప్పింది. "శుక్రవారం ఆఖరి పీరియడు గ్రౌండులో ఉంటాం. లేకపోతే నన్ను ఉత్తుత్తి లీడరనండి." కిందటేడు లీడరుగా ఉన్న కుర్రాడూ అదే మాటిచ్చి నిలబెట్టుకోలేకపోయాడు. బడి విడిచి వెళ్ళేదాకా వాణ్ణి ఉత్తుత్తి అనే పిలిచారు. ఈ పిల్లకు బడిలో ఇదే ఆఖరి ఏడు. శుక్రవారాలు పోతే పోయినట్టే, దాంతోపాటు పరువూ పోయినట్టే.

ఆ పీరియడు సంగతి చెప్పాలి. మా బడికో వింత అలవాటుంది. లీడరు ఎన్నిక కాగానే టీచర్లకూ పిల్లలకూ వాలీబాల్ పోటీ పెడతారు. పిల్లలు గెలిస్తే శుక్రవారం ఆఖరి పీరియడు ఏడాదంతా ఆటలకు, టీచర్లు గెలిస్తే లెక్కలకు. లాంగ్ బెల్ పడేసరికి ఎవరి పాయింట్లు ఎక్కువుంటే వాళ్ళు గెలిచినట్టు. టీచర్లు ఓడిన ఏడు నా ఎరుకలో లేదు. తెలుగు మాస్టారు బంతి తన మీదికొస్తే కళ్ళు మూసుకుంటారు. సైన్సు టీచరు చెప్పులు విడిచి ఆడమంటే నేల వేడంటుంది. అయినా గెలుస్తారు. ఎందుకంటే ఆ ఒక్క రోజూ లాంగ్ బెల్ గడియారాన్ని బట్టి పడదు. టీచర్లు ముందుకొచ్చిన క్షణాన హెడ్మాస్టరు తెల్ల రుమాలు తీసి నుదురు తుడుచుకుంటారు. అది చూసి నేను కొడతాను. గంట నాది, వేళ ఆయనది. నన్నడిగి ప్రయోజనం లేదు.

పోటీ ముందురోజు ప్లీడరు ఇస్త్రీ మూట చంకన పెట్టుకుని నా స్టూలు పక్కన చేరింది.

"ఆయమ్మా, హెడ్మాస్టరు గారు ఏడాదంతా గళ్ళ రుమాలే వాడతారు కదా. తెల్లది పోటీకి ముందే ఇస్త్రీకి వస్తుంది, ఎందుకంటావు?"

"నాకేం తెలుసు? నేను రుమాళ్ళ డిపార్టుమెంటు కాదు."

"గంటల డిపార్టుమెంటుకీ దానికీ ఏమైనా చుట్టరికం ఉందేమోనని."

"చూడు పిల్లా, ఇంతకాలం ఆయన మాట దాటలేదు. ఇప్పుడు దాటమంటే దాటను."

"దాటమని నేనన్నానా? నువ్వు ఆయన చెప్పినవన్నీ చేస్తావని బడంతా చెప్పుకుంటారు." నా సూదుల డబ్బా వైపు చూసి నవ్వింది. "మొన్న ప్రార్థనలో చెప్పారు కదా, అది కూడా చేస్తావా?"

"ఎందుకు చెయ్యను?" అన్నాను. మా హెడ్మాస్టరుకు బొత్తాల పిచ్చి. చొక్కాకి బొత్తాం లేని పిల్ల కనిపిస్తే, ఆయా చేతిలో ఎంత పనున్నా పక్కన పెట్టి ముందది కుట్టాలని మైకులో చెప్పారు. నేను కళ్ళజోడు లేకుండా సూదిలో దారం ఎక్కిస్తాను. స్టాఫ్ రూములో నా ఈడువాళ్ళను ఒక్కరినైనా ఎక్కించమనండి. ఆ మాటే ప్లీడరుతో అన్నాను. "నీ చెయ్యే చెయ్యి," అని మూటెత్తుకుని వెళ్ళిపోయింది. ఆ పిల్ల నన్ను పొగిడినప్పుడే నేను జాగ్రత్తపడాల్సింది.

మర్నాడు గ్రౌండు చుట్టూ బడంతా మూగింది. వసారా చివర గంట దగ్గర ఇనుప కడ్డీ పట్టుకుని నేను, గ్రౌండు అవతల కుర్చీలో హెడ్మాస్టరు. మొదట పిల్లలదే పైచెయ్యి. సైన్సు టీచరు కొట్టిన బంతి వల కిందనుంచి దూరింది. హెడ్మాస్టరు చెయ్యి జేబు వైపు పోనేలేదు. అంతలో తెలుగు మాస్టారు అలవాటు ప్రకారం కళ్ళు మూసుకున్నారు. బంతి ఆయన నెత్తిన పడి ఎగిరి, వల అవతల ఎవరూ లేని చోట పడింది. టీచర్లు సమానమయ్యారు. ఆ వెంటనే లెక్కల మాస్టారు, తను ఆ బంతికి గాలి కొట్టించాల్సి వచ్చిన కక్షంతా తీరేలా ఒక్క దెబ్బ కొట్టారు. టీచర్లు ముందుకొచ్చారు.

హెడ్మాస్టరు జేబులో చెయ్యి పెట్టారు. నేను కడ్డీ ఎత్తాను.

సరిగ్గా అప్పుడు ప్లీడరు పరిగెత్తుకుంటూ వచ్చి నా ముందు నిలబడింది. చొక్కా పై బొత్తాం లేదు. దారం కత్తెరతో తెంపినంత నున్నగా తెగి ఉంది. గుప్పిట విప్పితే బొత్తాం అరచేతిలో ఉంది. రెండో చేత్తో అప్పటికే నా సూదుల డబ్బా మూత తీసేసింది.

"ఆయమ్మా, నా చొక్కాకి బొత్తాం లేదు," అంది, ఎంతో బుద్ధిమంతురాలిలా. "కాస్త కుట్టిపెట్టవా? తొందరేం లేదు, గట్టిగా నాలుగు వరసలు వెయ్యి. గ్రౌండు వైపు వీపు పెట్టి ఇటు తిరిగి కూర్చో, వెలుతురు బాగా పడుతుంది."