కుడికి ఒకటి, ఎడమకు ఒకటి

మామగారి నుంచి మా ఇంటికి రెండు రివాల్వర్లు వచ్చాయి. ఒకటి ఇంగ్లండుది, ఒకటి అమెరికాది. రెంటికీ తూటాల చక్రంలో ఆరేసి గదులు. అయినా రెండూ వేర్వేరు బుర్రల్లో పుట్టాయని ఆయన చెప్పేవారు. ఇంగ్లండుది నడుము దగ్గర విరిచినట్టు తెరుచుకుంటుంది; తెరవగానే తూటాలన్నీ దానంతటదే బయటికి నెట్టేస్తుంది. యుద్ధంలో ఉన్నవాడికి తీరిక ఉండదని వాళ్ల లెక్క. అమెరికావాళ్లు ముందు గట్టితనం చూశారు. వాళ్ల దాని చట్రం ఎక్కడా విరగదు. చక్రం ఒక్కటే తలుపులా పక్కకు వస్తుంది, దాని మధ్యలోని ఇనుప పుల్ల నొక్కితేనే తూటాలు పడతాయి. తర్వాత యూరప్ సైన్యాలు పిడిలో తూటాలు పేర్చే పిస్తోళ్లకు మారినా, అమెరికా పోలీసులు చాలాకాలం చక్రాన్నే నమ్ముకున్నారట. ఇంకో తేడా నేనే గమనించాను. ట్రిగ్గర్ నొక్కితే ఇంగ్లండు చక్రం కుడికి తిరుగుతుంది, మా అమెరికాది ఎడమకు.

ఏటా దసరాకు పురుగుమందు స్ప్రేయర్‌తో, మిర్చి తూచే కాటాతో పాటు వాటికీ పసుపు రాసి బొట్టు పెట్టేవాళ్లం. రెండూ ఖాళీవేనని మావారు అనేవారు. ఆయన పోయి మూడేళ్లయింది. ఇంట్లో మిగిలింది నేను, భార్య పోయిన మా మరిది. లైసెన్సు తన పేరుకు మార్పించుకుంటానని, సంతకం పెట్టమని అతను ఏడాదిగా అడుగుతున్నాడు. ఈమధ్య మనిషి తనలో తాను మాట్లాడుకుంటున్నాడు. అతని చేతికి వాటినివ్వడానికి నాకు మనసొప్పలేదు.

మొన్న దసరాకు రెండు చక్రాల మీదా నడినెత్తిన బొట్టు పెట్టాను. తెల్లారి చూస్తే ఒకదాని బొట్టు కుడికి జరిగింది, రెండోదాని బొట్టు ఎడమకు. ఒక్కొక్క గది. తలుపులన్నీ నేను వేసినవి వేసినట్టే ఉన్నాయి.

మరిది వసారాలో మిరపకాయల తొడిమలు తీస్తున్నాడు.

"పూజ గదిలోకెళ్లావా?"

"నేనెందుకెళ్తా వదినా? అన్నయ్య వెళ్లుంటాడు."

"మీ అన్నయ్య పోయాడయ్యా."

"పోతే మాత్రం అలవాట్లు పోతాయా? ఖాళీయో కాదో చూసుకోందే ఆయనకి నిద్ర పట్టదుగా!"

రెంటినీ పాత దుప్పట్లో చుట్టి ఆటో పిలిచాను. అతనూ ఎక్కాడు.

"ఒక్క సంతకానికి ఇంత రాద్ధాంతమా వదినా? నీ మొండితనం ముందు మిర్చి ఘాటెంత!" అని దారంతా సణిగాడు.

పోలీసు స్టేషన్‌లో బొట్లు జరిగిన సంగతి చెప్పాను. హెడ్డు కానిస్టేబులు ఇంగ్లండు దాన్ని విరిచి చూశాడు. ఖాళీ. అమెరికాది ఎంతకీ తెరుచుకోలేదు. ఏళ్ల తరబడి మేం రాసిన పసుపు గొళ్లెంలో గడ్డకట్టింది, గదుల మూతులన్నీ పూడ్చేసింది. "దేన్నైనా పసుపుతో ముంచేస్తారండి మనవాళ్లు," అని నవ్వుతూ అతను స్క్రూడ్రైవర్‌తో గీకాడు. చక్రం పక్కకు వచ్చింది. పుల్ల నొక్కాడు. బల్ల మీద ఒక తూటా పడింది.

అతని నవ్వు ఆగిపోయింది. "అమ్మా, ఎవరో ఒకసారి నొక్కారన్నారే. రెండోసారి నొక్కితే పేలేది ఇదేనండి."

మరిది తొంగిచూశాడు. "ఒకటుందని అన్నయ్య చెప్పాడు. ఎందులో ఉందో చెప్పలేదు," అన్నాడు మెల్లగా.

లైసెన్సు మాకు వద్దని, రెండూ ఇక మీ దగ్గరే ఉంచుకోండని అక్కడే రాసి సంతకం చేశాను.

తిరుగు ఆటో ఎక్కాం. హైవే మీద పత్తి లారీల వెనక ఆగినప్పుడు చూశాను: మరిది సీటు అంచుకు ఒదిగి, మా ఇద్దరి మధ్య ఒక మనిషి పట్టేంత చోటు వదిలి కూర్చున్నాడు. నేను కూడా రెండో అంచుకు జరిగాను.