లక్ష వత్తుల్లో మిగిలిన అయిదు

మా చిన్నప్పుడు... కడపలో మా ఇంటి పడసాల నిండా వత్తులే. నాయనకు విషజ్వరం తగ్గితే ఒంటిమిట్ట రామునికి లక్ష వత్తులు వెలిగిస్తామని మా జేజి, అంటే నాయన వాళ్లమ్మ, మొక్కింది. ఇంటి ముత్తైదువులు ఏడుగురూ సరిసమానంగా వెలిగించాలని మొక్కు. జ్వరం తగ్గింది...

ఏడుగురూ పత్తి ఏకి వత్తులు చేశారు. కొత్త కోడలు మా చిన్నమ్మ, నూరేసి లెక్కపెట్టి కట్టలు కట్టింది. వెయ్యి కట్టలు.

బయల్దేరే ముందురోజు ఏడు గంపల్లోకి పంచారు. ఆరు కట్టలు మిగిలాయి. అవి విప్పి పంచితే... చివరికి అయిదు వత్తులు.

"రెండు తక్కువొచ్చినాయి. కట్టింది నువ్వే గదా, మనసు యాడ పెట్టినావు?" అంది జేజి.

"పుట్టింటి మీద పెట్టింటాది," అంది పెద్దమ్మ.

"లేదత్తా... నూరు లెక్కేసే కట్టినా." చిన్నమ్మ కట్టలన్నీ విప్పి మళ్లీ లెక్కపెట్టింది. ప్రతి కట్టలోనూ సరిగ్గా నూరే. పంచితే మళ్లీ అయిదే. ఇంకో రెండు చేస్తానంది. అప్పుడది లక్ష కాదు కదా అంది జేజి. "నీ చెయ్యి దేవుని పనికి అచ్చిరాదేమో..."

చిన్నమ్మ మొహం చూడలేకపోయాను. పలక తీసి, ఒకటి పక్కన అయిదు సున్నాలు వేసి ఏడుతో భాగించాను. అయిదు మిగిలింది. నా మీద నాకే అనుమానం. తుడిచి మళ్లీ చేశాను.

"జేజీ, ఎవురు పంచినా అయిదు మిగలాల్సిందే."

"ఎందుకు మిగలాల?"

మిషన్ బడిలో టీచరమ్మ చెప్పింది గుర్తుచేసుకున్నాను. "పదిని అయిదు తూర్లు గుణిస్తే లక్ష. పదిలో ఉండేది ఒక రెండు, ఒక అయిదు. లక్షను ఎంత విడగొట్టినా ఆ రెండ్లూ అయిదులే వస్తాయి. ఏడు దాంట్లో యాడా లేదు."

జేజి పలక చేతిలోకి తీసుకుంది. "అంటే... నేనే తప్పు మొక్కినానా?"

పలక మళ్లీ నా చేతికిచ్చింది.

"మరి ఎందరికైతే సరిపోతాది?"

"ఎనిమిది మందికి."

జేజి ఖాళీ గంప ఒకటి నా ముందుకు తోసింది. "ఏడుగురు ముత్తైదువులు, ఒక కన్నెపిల్ల. రాముడు కాదంటాడా? కూచో," అంది నాతో. "నువ్వే పంచు," అంది చిన్నమ్మ వైపు తిరిగి.

చిన్నమ్మ ఊపిరి వదలడం నాకు వినిపించింది. కట్టలన్నీ మళ్లీ కట్టి పంచింది. గంపకు నూట ఇరవై అయిదు... ఒక్క కట్ట కూడా విప్పే పని పడలేదు.

మొక్కు మార్చినందుకు నాయనకు మళ్లీ ఏమవుతుందోనని ఆ తర్వాత చాలా ఏళ్లు భయపడ్డాను. నేను మద్రాసులో డిగ్రీ పట్టా తీసుకున్నప్పుడు నాయన వచ్చి ముందు వరుసలో కూర్చున్నారు. అప్పుడు కానీ నా మనసు కుదుటపడలేదు... పూర్తిగా పడిందని ఇప్పటికీ అనలేను.

ఇప్పుడు ఆ ఏడుగురిలో మిగిలింది చిన్నమ్మ ఒక్కతే. లక్ష వత్తులకు కూర్చునే అంతమంది ఆడవాళ్లు ఒకే కప్పు కింద ఎక్కడ ఉన్నారు? మీ ఇళ్లలో ఎవరి మీదో పడిన మాట ఇలా తేలిపోయిన రోజు ఉంటే, రాయండి... చిన్నమ్మకు చదివి వినిపిస్తాను.