వంకాయ రంగు జెండా

ఆ రోజుల్లో పార్టీ పెట్టడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు, గట్టి అలక ఒకటి ఉంటే చాలు. అరవైల మొదట్లో మా అధ్యక్షుడు గారు పెద్ద పార్టీ మీద అలిగి హైదరాబాదులో కొత్త పార్టీ పెట్టారు. మంచి రంగులన్నీ అప్పటికే ఎవరో ఒకరు పట్టేసుకున్నారు కనుక మా జెండాకి వంకాయ రంగు మిగిలింది. గూడూరు నిమ్మకాయల మండీలో గుమాస్తాగా ఉన్న నేను ఇరవై రెండేళ్లకే జిల్లా కార్యదర్శినయ్యాను. (జిల్లా మొత్తానికి సభ్యులం నలుగురం, మిగతా ముగ్గురూ ఆ పదవి వద్దన్నారు.) నవ్వితే నవ్వండి గానీ, సముద్రపొడ్డు పల్లెలకు బడి, దారి తెస్తామన్న మా మాటను నేను మనసారా నమ్మాను.

ఒకనాడు అధ్యక్షుడు గారి ఉత్తరం వచ్చింది. ఆదివారం వస్తున్నారట, సభకు జనం వస్తే ఇక్కడ అభ్యర్థిని నిలబెడతారట, లేకపోతే జిల్లా శాఖనే ఎత్తేస్తారట. చిట్టమూరు అవతల ఒక జాలరి పాళెంలో సభ ఏర్పాటు చేశాను. ఊరిపెద్దను అందరూ పెదకాపు అనేవారు. "అందురూ వస్తార్లే అబ్బయా" అని మాటిచ్చాడు. తీరా ఆదివారం పొద్దున్నే వెళితే మగవాళ్లంతా సముద్రం మీద, ఆడవాళ్లు పొయ్యిల దగ్గర. "గాలి తిరిగుండాది, చేప వచ్చే రోజు. సభ రేపు పెట్టుకోరాదా?" అన్నాడు పెదకాపు తాపీగా. అంతలో దూరాన అధ్యక్షుడు గారి జీపు కనిపించింది. పడవల వాళ్లను పిలుద్దామని ఇసుకదిబ్బ ఎక్కి, జెండా రెండు చేతులా ఊపాను.

ఆ దిబ్బ మీద గుడ్డ ఊపితే చేపల గుంపు కనబడిందని అర్థమట. నిమ్మకాయల గుమాస్తాకి ఆ సంగతేం తెలుసు? (రోజూ ఆ పని చేసే మనిషి గంజి తాగడానికి అప్పుడే దిగాడట.) పడవలు గిర్రున తిరిగాయి, పెద్ద వల నీళ్లలో పడింది. ఆ వల లాగాలంటే ఊరంతా తాడు పట్టాలి. ముసలీ ముతకా, పొయ్యి మీద కూర వదిలేసిన ఆడవాళ్లూ ఒడ్డుకు పరిగెత్తుకొచ్చారు. జీపు దిగిన అధ్యక్షుడు గారు కళ్లజోడు తుడుచుకుని, "ఇంతమందా?" అని నా భుజం తట్టారు. ఆ కాసేపూ నేను మంత్రినే.

వల ఒడ్డుకు చేరింది. అందులో నాలుగు పీతలూ బోలెడు నాచూ ఉన్నాయి. పెదకాపు జెండానీ నన్నూ మార్చి మార్చి చూశాడు. "చేప యాడ అబ్బయా?"

"సభకు రమ్మని పిలిచినాను పెదకాపూ. ఇది చేపల సైగని నాకు తెలీదు."

అధ్యక్షుడు గారి చెయ్యి నా భుజం మీంచి జారిపోయింది. సిగ్గుతో చచ్చిపోయాను. శాఖా పోయింది, బడీ దారీ పోయాయి అనుకున్నాను. ముందుగా ఒక ముసలమ్మ నవ్వింది, తర్వాత ఒడ్డంతా నవ్వింది. "ఎట్టాగూ వచ్చినాం గదా, ఆ పెద్దాయన చెప్పేదేందో వినిపోదాం, కూసోండి" అన్నాడు పెదకాపు. గంట మాట్లాడాల్సిన అధ్యక్షుడు గారు పది నిమిషాల్లో ముగించారు. మిగతా సేపంతా బడి గురించీ దారి గురించీ వాళ్లే మాట్లాడారు. వెళ్లేటప్పుడు పెదకాపు, "ఆ గుడ్డ ఇచ్చిపో అబ్బయా, మా పంచెకన్నా బాగా అగపడతాది" అని జెండా అడిగి తీసుకున్నాడు.

అభ్యర్థిని నిలబెట్టాం, డిపాజిట్ దక్కలేదు. తర్వాత అధ్యక్షుడు గారి అలక తీరి, పార్టీ వెళ్లి ఆ పెద్ద పార్టీలోనే కలిసిపోయింది. కొన్నేళ్లకు ఆ పాళెం వెళ్లాను. బడి వచ్చింది, దారీ వచ్చింది (మా వల్ల కాదు లెండి). దిబ్బ మీద ఎవరో వెలిసిపోయిన వంకాయ రంగు గుడ్డ ఊపుతున్నారు. ఊరంతా ఒడ్డుకు పరిగెత్తింది. నేనూ చెప్పులు విడిచి తాడు పట్టుకున్నాను. ఈసారి వల నిండా చేపలున్నాయి. మన జెండా చూసి ఊరంతా కదిలి వస్తోందోయ్ అని ఆ ఇరవై రెండేళ్ల కార్యదర్శికి కబురు పెట్టాలనిపించింది.