అడ్డం పడిన తపసుమాను

మా నాయన తిరునాళ్ళలో తపసుమాను ఎక్కేవాడు. పాకాల దగ్గర మా ఊళ్ళో తిరునాళ్ళప్పుడు పొడవాటి కొయ్య నాటుతారు, అదే తపసుమాను. తపస్సు చేసే వేషం కట్టిన మనిషి పాడుకుంటూ మెట్టు మెట్టుగా దాని కొసకు ఎక్కి, నిమ్మకాయలు విసురుతాడు. పిల్లల్లేని ఆడవాళ్ళు కింద కొంగు పట్టి అందుకుంటారు. ఏళ్ళ తరబడి ఆ వేషం నాయనదే. ఆ ఏడు మాత్రం ఊరి పెద్దలు గొణగడం మొదలుపెట్టారు, వయసైపోయింది, వచ్చే ఏటి నుంచి కుర్రవాళ్ళకిద్దామని. నాయనకు తల తీసేసినట్టయింది.

కెమెరా ఫోన్లు అప్పుడప్పుడే చేతుల్లోకి వస్తున్న రోజులు. "నువ్వు వీడియో తియ్యరా. నేనెట్లెక్కినానో ఆ పెద్దోళ్ళకి సూపిస్తా," అన్నాడు నాయన. మాను పొడుగు కదా, ఫోన్‌ను నిలువుగా పట్టుకుని మొదలు నుంచి కొస దాకా తీశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఇంటికొచ్చి కంప్యూటర్లో పెట్టాను. మాను నరికిన తాటి దుంగలా తెర మీద అడ్డంగా పడి ఉంది. నాయన దాని మీద పాకుతున్నాడు. జనమంతా ఓ పక్కకు అతుక్కుని ఉన్నారు, నిమ్మకాయలు పక్కకు ఎగిరిపోతున్నాయి. అమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. నాయన మానెక్కే పూట ఆమె ఒక్కపొద్దుతో ఇంట్లోనే దీపం ముందు కూర్చునేది, అందుకని ఆ ఎక్కడం ఎన్నడూ చూడలేదు. "ఇన్నేండ్లు నేను బయపడింది దీనికా? నేల మీద దోగాడినట్టుండాదే!" అంది. నాయన నవ్వలేదు. "దీన్ని నిలబెట్టరా," అన్నాడు.

అదెంత పని అనుకున్నాను. ఏదో సాఫ్ట్‌వేర్‌తో తిప్పితే, రాత్రంతా తిప్పి తిప్పి, నాయన మొహాన్ని పెంకులు పెంకులు చేసి పెట్టింది. పాట ఒక చోట, పెదాలు ఒక చోట. "ఇది నేను కాదురా," అన్నాడు నాయన. నాకు ఒళ్ళు మండిపోయింది. తిప్పమంటే అది వీడియోనంతా విప్పి, ఒక్కో బొమ్మా మళ్ళీ తయారు చేసిందట. తిరుపతిలో కంప్యూటర్లు బాగు చేసే స్నేహితుడు చెబితే తెలిసింది.

"బొమ్మల జోలికే పోవద్దప్పా. ఏ పక్క పైకి పెట్టి సూపించాలో ఆ ఫైల్లోనే ఒక మూల రాసుంటాది. దాన్నొక్కటి మార్చు, సాలు," అన్నాడు వాడు.

మొదట తీసిన ఫైల్లోనే మార్చాను. చెయ్యి తీసేలోగా అయిపోయింది. ఫైలు సైజు కూడా అంతే ఉంది, ఏమీ జరగలేదేమో అనుకున్నాను. తీరా వాడు చెప్పిన ప్లేయర్లో పెడితే, మాను నిటారుగా లేచి నిలబడింది! నాయన మొహంలో చుక్క కూడా చెదరలేదు. నాకు మతిపోయింది.

పరుగున వెళ్ళి అమ్మనూ నాయననూ పిలుచుకొచ్చి కూర్చోబెట్టాను. మాను కింది నుంచి పైకి పోతూనే ఉంది. "అంత ఎత్తా?" అంది అమ్మ, నవ్వు ఆపేసి. సగానికి పైగా ఎక్కాక నాయన కాలు మెట్టు మీద నుంచి సర్రున జారింది. ఒంటిచేత్తో వేలాడాడు. ఎలాగో కాలు ఆనించుకుని, మళ్ళీ పాట అందుకుని ఎక్కాడు. అడ్డంగా చూసినప్పుడు అది పాకే మనిషి కాలు ముడుచుకున్నట్టే ఉంది, అమ్మ పగలబడి నవ్వింది కూడా అక్కడే. తీసింది నేనే, కానీ ఎండ కళ్ళల్లో కొడుతుంటే ఫోన్ కదలకుండా పట్టుకోవడమే చూసుకున్నాను. కింద జనం కూడా అది వేషంలో భాగమే అనుకున్నారేమో, ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

"ఏమయ్యా, కాలు జారిందా?" అంది అమ్మ.

"జారింది."

"ఇన్ని దినాలూ ఒక మాటన్నా సెప్పలేదే! జారినాక దిగిపోకూడదా?"

"కిందంతా ఆడోళ్ళు కొంగులు పట్టుకోనుండారు మే. యాడ దిగేది?"

"ఈడ నేనొకదాన్ని కూర్సోనుండానే!"

తెర మీద నాయన కొసన కూర్చుని, రెండు చేతులూ వదిలేసి నిమ్మకాయలు విసురుతున్నాడు. పక్కనే కుర్చీలో ఉన్న నాయన మోచెయ్యిని అమ్మ గట్టిగా పట్టుకుంది.

"పెద్దోళ్ళకి సూపించొద్దులేరా," అన్నాడు నాయన చివరికి. "నేనే సెప్తా. ఇంగ నేనెక్కను."

ఆ వేషం కోసం పెద్దలకు ఎదురు నిలవాలనుకున్న మనిషి అంత మెల్లగా ఆ మాట అనేసరికి నేను వీడియో ఆపేశాను. అమ్మ మాత్రం ఆయన చెయ్యి వదల్లేదు.