బెంగళూరు అమ్మగారి కన్ను

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఇంగ్లీషు వచ్చింది నా ఒక్కదానికే. వచ్చిందంటే, ధర్మవరం బడిలో ఏడో తరగతి చదువుతున్నాను కాబట్టి వచ్చినట్టే లెక్క. మా తాత పట్టుచీరలు నేసేవాడు. నాయన పక్క మగ్గంలో కూర్చునేవాడు. ఇద్దరూ తెలుగే కూడబలుక్కుని చదివేవాళ్ళు. అందుకని మందు సీసా మీది చీటీ అయినా, రైలు టికెట్టు అయినా నా చేతికే వచ్చేది. నేను దాన్ని కాసేపు పరీక్షగా చూసి, గొంతు సవరించుకుని చెప్పేదాన్ని. తెలియని మాట తగిలితే పక్క మాటను బట్టి ఊహించేదాన్ని. ఎవరూ పట్టుకోలేదు గనక నాకు అంతా వచ్చని ఇంట్లో అనుకున్నారు. కొన్నాళ్ళకు నేనూ అలాగే అనుకున్నాను.

నిజంగా ఇంగ్లీషు వచ్చిన మనిషి పక్కింటి అక్క. హిందూపురంలో ఎస్సెల్సీ దాకా చదివి మా వీధికి కోడలిగా వచ్చింది. కానీ ఆ ఉత్తరం వచ్చిన వారం ఆమె పుట్టింట్లో ఉంది.

అంతకు నెల ముందు బెంగళూరు నుంచి ఒక పెద్దాయన వచ్చి, భార్య కోసం తాత నేసిన నెమలికంఠం రంగు చీర తీసుకుపోయాడు. ఉత్తరం ఆయన దగ్గరి నుంచే. ఆయనకు తెలుగు రాయడం రాదు కాబట్టి ఇంగ్లీషులో రాశాడు. తాత మగ్గం ఆపి, చేతులు తుడుచుకుని వచ్చి కూర్చున్నాడు. అవ్వ శనక్కాయలు ఒలవడం ఆపింది.

'యువర్ శారీ కాట్ మై వైఫ్స్ ఐ' అని మొదలైంది. కాట్ అంటే పట్టుకోవడం, అది నాకు తెలుసు. ఐ అంటే కన్ను, అదీ తెలుసు. "మీ చీర నా భార్య కన్ను పట్టుకుంది" అని చదివాను.

"చీర కన్ను పట్టుకునేదేంది పాపా?" అన్నాడు తాత.

ముందుకు పోయాను. ఆమె ఆ చీర నుంచి తన కళ్ళు బయటికి తీసుకోలేకపోయిందట. అవ్వ గుండెల మీద చేయి వేసుకుని, "అయ్యో దేవుడా! జరీ పోగు కంట్లో ఇరుక్కునిందేమో" అంది. ఆ తర్వాత రంగుల గురించి ఏదో రాసి, మధ్యలో 'ఐ టు ఐ' అన్నాడు. నేను 'కంటికి కన్ను' అన్నాను. చివర్లో, సోమవారం మా గుమాస్తా వస్తాడు, అతని కోసం ఒక కన్ను బయట ఉంచండి అని ఉంది.

అవ్వ తాత ముఖంలోకి చూసింది. తాత తన కన్ను తడుముకుని, "పోయిన కంటికి నా కన్ను అడుగుతాండాడా ఏమి?" అన్నాడు.

నిజం చెప్పాలంటే ఆ క్షణాన నాకే అనుమానం వచ్చింది. మా పాఠాల్లో ఎక్కడా ఇలా లేదు. నాకు సరిగ్గా తెలీదు అనే మాట నోటిదాకా వచ్చింది. కానీ అందరూ నావైపు డాక్టరును చూసినట్టు చూస్తున్నారు. ఉత్తరం మడిచి తాత చేతిలో పెట్టేశాను.

తాత మగ్గం మీద అప్పుడు ఒక పెళ్ళిచీర సగం నేసి ఉంది. అదే జరీ. తాత కత్తెర తీసుకుని పడుగు పోగులు కోసేయబోయాడు. ఇంకొక ఆడమనిషి కన్ను పోగొట్టలేనన్నాడు. అవ్వ అడ్డం పోయి ఆయన చేయి పట్టుకుంది. "ఆ మనిషిని రానీ. అడిగినాంక కోద్దువు గాని" అంది. తాతను నాలుగు రోజులు పెనుకొండలో అత్త ఇంటికి పంపిద్దామని నాయన అంటే తాత ఒప్పుకోలేదు.

"తప్పు చేసినోడు పారిపోతాడా? ఎడమ కన్ను ఇస్తా. ఎట్లా దానికి సరిగా ఆనదు. పోగులు చూసేకి కుడిది చాలు."

సోమవారానికి ఇంకా రెండు రోజులున్నాయి. తాత ఎడమ కన్ను మూసుకుని ఇంట్లో అటూ ఇటూ నడిచి చూసుకుంటూ ఉంటే నేను కడుపునొప్పి అని పడుకున్నాను. అవ్వ వీధి వీధంతా తిరిగి నందివర్ధనం పూలు కోసుకొచ్చి తడిగుడ్డలో చుట్టి పెట్టింది, అమ్మగారి కంటి మంటకు చలవ అని.

సోమవారం మధ్యాహ్నం గుమాస్తా రానే వచ్చాడు. బక్కమనిషి, చేతిలో గొడుగు. తెలుగు అంతంతమాత్రం. కాలు కడుక్కోకముందే తాత ఎదురుపోయి చేతులు జోడించాడు.

"అమ్మగారి కన్ను ఎట్లుండాది సామీ?"

గుమాస్తా అయోమయంగా చూశాడు. "చెన్నాగిదే... బాగుండాది."

"రెండూనా?"

"రెండే కదప్పా ఉండేది!" అన్నాడాయన, భయంగా ఒక అడుగు వెనక్కి వేసి. అంతలో అవ్వ పూల మూట ఆయన చేతిలో పెట్టి ఏడవడం మొదలుపెట్టింది.

అదే రైలులో పక్కింటి అక్క కూడా దిగింది. గలాటా విని, పెట్టె గడపలోనే పెట్టి వచ్చి ఉత్తరం తీసుకుంది. సగం చదివేసరికి మెట్టు మీద కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "తాతా, నీ చీర ఆమెకు తెగ నచ్చిందంట. చూపు తిప్పుకోలేకపోయిందంట. ఇంకోటి నేయమంటాండాడు. కాకుంటే ఆ రంగు దగ్గర మొగుడికీ పెండ్లానికీ పొసగలేదంట. ఈయప్ప వస్తాడు, కాస్త చూసుకోండి అని రాసినాడు, అంతే!"

తాత మొదట ఎడమ కన్ను రుద్దుకున్నాడు. తర్వాత నావైపు తిరిగాడు. నేను గోడలో కలిసిపోవాలని చూస్తున్నాను. అక్క తొందరగా, "పాప అక్షరం తప్పు పోలేదు తాతా. ఇంగ్లీషోళ్ళ కన్ను అట్లాంటిది" అంది. నా చేయి పట్టుకుని వాళ్ళింటికి తీసుకుపోయింది.

అక్కడ పలక ఇచ్చి, 'నీ కోసం కండ్లు కాయలు కాసినాయి' అన్నదాన్ని ఇంగ్లీషులో రాయమంది. నేను రాశాను. అక్క చదివి, "ఇది చూస్తే బెంగళూరాయన కాయలు కోసేకి గంప తెస్తాడు" అంది. 'వానికి కండ్లు నెత్తికెక్కినాయి' కూడా రాయించింది. అది రాస్తూ రాస్తూ నాకే నవ్వొచ్చింది. నవ్వుతూ ఉండగానే, మెల్లగా అడిగింది: "నీకు తెలీదని నీకు అప్పుడే తెలుసు కదా? చెప్పకపోయినావే?"

అప్పుడు ఏడ్చాను.  అక్క నా ముఖం కడిగి, పోయి తాతతో ఆ మాటే చెప్పమంది.

గుమాస్తా భోంచేసి, పూల మూటతో సహా రైలెక్కి వెళ్ళాక, మగ్గం దగ్గరికి పోయి చెప్పాను. "నాకు రాకున్నా వచ్చినట్టు చదివినా తాతా." తాత పోగుల మధ్య ఆడిస్తున్న నాడెను ఆపాడు. తర్వాత చుట్టూ చూసి, గొంతు తగ్గించి అన్నాడు: "జరీ అమ్మే సేటు హిందీలో మాట్లాడతాడు కదా. ముప్పై ఏండ్లుగా తల ఊపుతాండా పాపా. ఒక్క ముక్క తెలీదు. మీ అవ్వకు చెప్పొద్దు."

తర్వాతి కాలంలో నేను ఇంగ్లీషు టీచరునే అయ్యాను. పెనుకొండలో, హిందూపురంలో పిల్లలు అడిగినదానికి 'తెలీదు, రేపు కనుక్కొని చెప్తా' అనే టీచరమ్మగా కొంచెం చెడ్డపేరు కూడా తెచ్చుకున్నాను. మొన్నామధ్య మా ఎదురింటాయన ఆస్పత్రి కాగితం తెచ్చి, "అమ్మా, ఇందులో ఏముండాదో చూడు" అన్నాడు.  రెండుసార్లు చదివాను. ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. అందంగా ఏదో ఒకటి చెప్పడం కష్టం కాదు. "ఈ మాట నాకు తెలీదప్పా. రా, డాక్టరునే అడుగుదాం" అని చెప్పులు వేసుకున్నాను. ఇద్దరం ఆటో ఎక్కాం.