తాత ఆడిన ఆట

ఇంగ్లండ్‌లో మేముండే రీడింగ్ ఊళ్లో మా పక్కింటి అంకుల్‌ది తెనాలి. నూరేళ్ల కిందట లా చదవడానికి లండన్ వచ్చిన వాళ్ల తాత, ఇక్కడ పెద్ద టెన్నిస్ పోటీల్లో ఆడానని చెప్పుకునేవాడట. చదువు మధ్యలో వదిలేసి తిరిగొచ్చినందుకు సాకుగా అల్లిన కథ అని ఇంట్లో అందరూ నవ్వేవాళ్లట. అంకుల్ మాత్రం రిటైరయ్యాక ప్రతి మంగళవారం లైబ్రరీకి వెళ్లి, భూతద్దం పట్టుకుని పాత పేపర్లు తిరగేసేవారు. ఒకసారి నేనూ వెంట వెళ్లాను. పేజీలో ఒక మూల తాత పేరు నా కంటనే పడింది.

"రెండో రౌండ్‌లో ఓడిపోయారంట అంకుల్," అన్నాను నెమ్మదిగా.

"ఓడితే ఏంటమ్మా! ఆడాడుగా!"

వెంటనే బయటికి వచ్చి తెనాలిలో ఉన్న వాళ్ల అక్కకి ఫోన్ చేశారు. "తాత అబద్ధం చెప్పలేదక్కా," అన్నారు.

తిరిగి వస్తుంటే కారులో అంకుల్ కిటికీకి తల ఆనించి, హాయిగా నిద్రపోయారు.